తోటలో గ్యాస్ ఉందా అండీ?

చెట్ల మధ్య కాలవలా తీసిన బోదెలో నీళ్ల మీద డిటెక్టరు పెట్టగానే అది కూయడం మొదలుపెట్టింది. మా ఇంజనీరు దాన్ని వెనక్కి తీసి, ఆపి, మళ్లీ పెట్టి చూశాడు. మళ్లీ కూసింది. నీటి అడుగు నుంచి సన్నటి బుడగలు ఒకే చోట వరసగా లేస్తున్నాయి. ఎసరు మరగడానికి ముందు గిన్నె అడుగున లేచే బుడగల్లాంటివి. చూడటానికి భయపెట్టేవేమీ కావు.

"పొయ్యిలన్నీ ఆర్పించండి. బీడీలు కూడా," అన్నాడు ఇంజనీరు నాతో, గొంతు పెంచకుండా.

మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చిన ఆవిడ ఆ తోట కాపు కొన్న కౌలుదారు. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది, మోచేతుల దాకా మామిడి సొన మరకలు. ఆవిడ బుడగల వైపు చూడటం లేదు. తోట చివర రేకుల షెడ్డు వైపు చూస్తోంది. దాని తలుపుకు తాళం, తాళం మీద గుడ్డ చుట్టి లక్క సీలు.

"ఇది గ్యాసేనా అండీ?" అని అడిగింది.

"గ్యాసేనమ్మా."

"పైపులోదేనా?"

"పైపులోదే."

"ఆ ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి. ఆ తర్వాత ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోతా."

పైపు లీకైన చోట జనం పరుగెత్తడం విన్నాను, తిట్టడం విన్నాను, ఫోన్లలో వీడియోలు తీయడం చూశాను. సంతకం అడిగిన మనిషిని మాత్రం నా సర్వీసులో ఒక్కరినే చూశాను. ఎందుకు అడిగిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మొదట నేను దినపత్రికలో పనిచేశాను. విజయవాడ ఎడిషన్‌లో డెస్కు మీద కొన్నాళ్లు, రిపోర్టింగులో చాలా ఏళ్లు. అక్కడి నుంచి పైపుల్లోకి ఎలా వచ్చారని ఇప్పటి కుర్రాళ్లు అడుగుతుంటారు. గ్యాస్, పెట్రోలు మోసుకెళ్లే పెద్ద లైన్లను కంపెనీలు సరిగ్గా నడుపుతున్నాయో లేదో కంపెనీకి సంబంధం లేని బృందాలు వచ్చి చూడాలన్నది నిబంధన. నియంత్రణ సంస్థ ఆ పనిని మాలాంటి వాళ్లకు అప్పగిస్తుంది. పైపు మందం, తుప్పు, వాల్వులు చూడటానికి ఇంజనీర్లు ఉంటారు. ఆ పైపు పక్కన బతికే జనానికి అది అక్కడ ఉందని తెలుసా, ఏదన్నా అయితే ఎవరికి చెప్పాలో తెలుసా అన్నది చూడటానికి ఇంకొక మనిషి కావాలి. ఇంజనీర్లు వెళ్లి అడిగితే జనం "తెలుసు సార్" అనేసి తమ పని చూసుకుంటున్నారట. విలేకరిగా పనిచేసినవాడైతే రెండో ప్రశ్న కూడా అడుగుతాడని నన్ను తీసుకున్నారు. నా ఉద్యోగమంతా ఆ రెండో ప్రశ్న మీదే నడిచిందని చెప్పొచ్చు.

ఆ ఏడు నూజివీడు వైపు తనిఖీ మాకు పడింది. సాధారణంగా ఇలాంటివి చలికాలంలో పెట్టుకుంటారు. నడవడానికి హాయిగా ఉంటుంది కాబట్టి. మా ఇంజనీరు మాత్రం మే నెలే కావాలన్నాడు. ఆయన హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి, ఎండంటే గిట్టదు, అయినా పట్టుబట్టాడు. "చలికాలంలో ఆ తోటల్లో పక్షులు తప్ప ఎవరుంటారండీ? మనుషులున్నప్పుడు చూస్తేనే ప్రమాదం ఎంతో తెలిసేది," అన్నాడు.

ఆ మాట నిజం. మామిడి తోటకు యజమాని ఒకరు, సీజన్లో ఏలేవాళ్లు ఇంకొకరు. చెట్టు పూత మీద ఉండగానే యజమాని కాపు అమ్మేస్తాడు. కొన్నవాళ్లు మనుషుల్ని తెచ్చుకుని, పాకలు వేసుకుని, కోత అయ్యేదాకా అక్కడే ఉంటారు. వంట అక్కడే, నిద్ర అక్కడే. పైపు మీద పాక వేయొద్దు, గుంత తవ్వొద్దు, మంట పెట్టొద్దు అని కంపెనీ పంపే నోటీసులు మాత్రం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకు వెళ్తాయి. వాళ్లేమో ఏలూరులోనో విజయవాడలోనో ఫ్లాటులో ఉంటారు. పాక వేసే అవసరం, గుంత తవ్వే అవసరం లేనివాళ్లే ఆ నోటీసులు శ్రద్ధగా చదివి దాచుకునేవాళ్లు.

మేం రెడ్డిగూడెం వైపు నుంచి మొదలుపెట్టాం. మొదటి తోటలో కాపలా ఉన్న పెద్దాయన్ని నేనే అడిగాను.

"మీ తోటలో గ్యాస్ ఉన్న సంగతి తెలుసా అండీ?"

"లేదండీ."

"తెలియదా, లేదా?"

"లేనే లేదండీ. మా ఆసామి ఒప్పుకోడు."

రెండో ప్రశ్న వేశాను. "ఎప్పుడూ లేదా?"

"పోయినేడు ఎవరో పెడతామని వస్తే గొడవ చేసి పంపించేశామండీ. మావన్నీ గడ్డిలో మాగేసినయ్యే. కావాలంటే వాసన చూడండి." ఒక బంగినపల్లి పండు తీసి మా ఇంజనీరు చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని పట్టుకుని, తన కాళ్ల కింద పైపు వెళ్తున్న దారిని మ్యాపులో చూసుకుంటూ నిలబడ్డాడు.

పక్క తోటలోనూ లేదన్నారు. ఆ పక్క తోటలో మా జీపు చూసి ఆడవాళ్లు గంపల మీద గబగబా గడ్డి కప్పారు. ఇంకొక చోట గేటు తీయడానికే ఆలస్యం చేశారు. ఏంటని అడిగితే, "కలెక్టర్ ఎక్కిస్తున్నామండీ లారీకి," అని జవాబు వచ్చింది. మా ఇంజనీరు చొక్కా సర్దుకున్నాడు. కలెక్టర్ అంటే ఈ వైపు తోతాపురి కాయ అని నేను చెప్పేసరికి గేటు తెరుచుకుంది. లోపల లారీ నిండా పచ్చి కలెక్టర్లు ఉన్నారు.

అక్కడే ఒక విషయం కంట్లో పడింది. పైపు దారి పొడవునా కంపెనీ హెచ్చరిక బోర్డులు పాతి ఉంటాయి. ఆ తోటలో బోర్డుకు గోనెసంచి తొడిగి, తాడుతో కట్టి ఉంది. ఎందుకు కట్టారని గుమాస్తాను అడిగాను.

"బేరానికి వచ్చినవాళ్లు చూస్తే బాగోదు కదండీ. సీజన్ అయిపోగానే తీసేస్తాం," అన్నాడు.

సంచి ఎత్తి చూశాను. ఎర్ర అక్షరాలతో 'ఇక్కడ గ్యాస్ ఉంది' అని ఉంది.

అప్పుడు నాకు వెలిగింది. మాది దివిసీమ వైపు, వరి తప్ప తెలియని ఊరు, అయినా పత్రికలో ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవిలో ఆ వార్తలు వస్తూనే ఉండేవి. పచ్చికాయల మధ్య కార్బైడు పొట్లాలు పెడితే, వాటి నుంచి వచ్చే ఆవిరికి కాయ ఒక్కసారిగా పసుపు తిరుగుతుంది. రంగొస్తుంది, రుచి రాదు, ఒంటికి మంచిది కాదు. ప్రభుత్వం నిషేధించింది. ఇక్కడ దాన్ని కార్బైడు అని ఎవరూ అనరు. గ్యాస్ అంటారు. ఆ పండు గ్యాస్ కాయ. ఆ పని గ్యాస్ పెట్టడం. పత్రికల్లో కూడా అంతే, సింగిల్ కాలమ్ హెడ్డింగులో కార్బైడు పట్టదు, గ్యాస్ పడుతుంది. జీపులో దిగి, చేతిలో కాగితాలు పట్టుకుని, మే నెలలో, "మీ తోటలో గ్యాస్ ఉందా" అని అడిగే మనుషులకు ఏ తోటలోనైనా ఒకటే జవాబు వస్తుంది.

ఇంజనీరుకు ఇదంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఒకవేళ నిజంగా లీకైతే, వీళ్లు ఏమని ఫోన్ చేస్తారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు మరునాడు ముసునూరు దాటాక దొరికింది.

ఆ తోటలో బోర్డుకు సంచి లేదు. మా జీపు ఆగగానే ఒకావిడ చెట్ల మధ్య నుంచి వచ్చింది. ఇందాక చెప్పిన కౌలుదారు ఆవిడే. భర్త కాయతోపాటు లారీలో మార్కెట్‌కి పోతుంటాడట, తోట చూసుకునేది, మనుషుల చేత పనిచేయించేది ఆవిడ.

"మళ్లీ వచ్చారా? ఇంకేం మిగిలిందని తాళం వేయడానికి?"

మేం వాళ్లం కాదని చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. కొద్ది రోజుల కిందటే ఆహార భద్రత అధికారులు వచ్చి, గ్యాస్ పెట్టారని ఫిర్యాదు ఉందని ఆవిడ షెడ్డుకు సీలు వేసి వెళ్లారు. లోపల గడ్డిలో మాగవేసిన బంగినపల్లి. మాగేసిన కాయను రోజూ తిరగేయాలి. ముందు పండినదాన్ని ఏరి తీసేయకపోతే అది కుళ్లి, ఆ వేడికి పక్కదాన్ని పాడు చేస్తుంది. తాళం పడిన నాటి నుంచి ఒక్క కాయ తిరగెయ్యలేదు. అదొకటి. రెండోది, మార్కెట్లో మాట పాకిపోయింది. ఆ ఆడమనిషి తోటలో గ్యాస్ పట్టుకున్నారట అని. షెడ్డులో కాయ పోతే ఒక్క ఏడు నష్టం, పేరు పోతే వచ్చే ఏడు పూత మీద ఆవిడకు తోట ఇచ్చేవాడు ఉండడు.

నేను కొంచెం తటపటాయిస్తూనే అడిగాను. "తోటలో గ్యాస్..."

"ఉంది," అంది ఆవిడ, నేను పూర్తి చేయకుండానే. "ఉందనే కదా నేను చెప్పింది. చెప్పినందుకే కదా ఇదంతా. రండి చూపిస్తా."

అలా నడిచి ఆ బోదె దగ్గరికి వెళ్లాం. తర్వాత డిటెక్టరు కూసింది.

ఇంజనీరు ఒక కాగితం చింపి, నిలబడే, ఆవిడ అడిగిన ముక్క రాసి సంతకం పెట్టాడు. ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఆ తర్వాత నిజంగానే మేం చెప్పినట్టల్లా చేసింది, మాకన్నా వేగంగా. పైపు దారికి దగ్గర్లోనే కూలీల పాక, దాని మీద ప్లాస్టిక్ పట్టా, పక్కన మూడు రాళ్ల పొయ్యి. ఆరుబయట లీకైన గ్యాస్ పైకి పోయి గాలిలో కలిసిపోతుంది, అంత భయం లేదు. పట్టా కింద చేరి నిలిచిందంటే మాత్రం ఒక్క అగ్గిపుల్ల చాలు. ఆవిడ పొయ్యి మీద నీళ్లు గుమ్మరించి, కూలీలందర్నీ రోడ్డు వైపు నడిపించింది. వండుతున్న మనిషి సగం ఉడికిన అన్నం గిన్నె వదలనని పట్టుకునే వచ్చింది.

"ఇప్పుడిది బియ్యమా, అన్నమా? ఏం చేసుకోవాలి?" అని దారంతా గొణిగింది.

"గ్యాసోళ్లని అడుగు. వాళ్లే వండి పెడతారు," అంది కౌలుదారు ఆవిడ.

కంపెనీ వాళ్లు రెండు వైపులా వాల్వులు మూశారు. మనుషులు బయలుదేరారని కబురు వచ్చింది. వాళ్లు వచ్చేదాకా మేం రోడ్డు పక్క నీడలో కూర్చున్నాం. అప్పుడు ఇంజనీరు బోర్డు మీద ఉన్న అత్యవసర నంబరుకు ఫోన్ చేశాడు. బుడగలు కనపడగానే ఆవిడ చేసింది కూడా ఆ నంబరుకేనట. ఆవిడ కాల్ తీసుకున్న మనిషినే లైన్లోకి రప్పించి, స్పీకరు పెట్టాడు.

"ముసునూరు నుంచి ఒకామె చేసిన కాల్ తీసుకుంది మీరేనా?"

"నేనేనండీ," అన్నాడు అవతలి మనిషి హుషారుగా. "తోటలో గ్యాస్ పెట్టారని కంప్లైంట్ అండీ. మనది కాకపోయినా వదిలేయలేదండీ, ఫుడ్ వాళ్లకి వెంటనే పంపించానండీ."

ఆవిడ ఫోన్ మీదకు వంగింది. "పెట్టారని కాదు బాబూ. వస్తుందని చెప్పా."

"మీరేనా అమ్మా? ఎవరు పెట్టారు అంటే 'మీరే పెట్టారు' అన్నారు కదమ్మా. కోపంలో అన్నారనుకున్నా."

"మీరే కదా పైపు పెట్టింది? నేనేమన్నా పెట్టానా?"

"వాసన వస్తుందా అని కూడా అడిగానండీ సార్," అన్నాడతను, ఈసారి మా ఇంజనీరుతో. "రూల్ ప్రకారం అడగాలి కదండీ. తోట నిండా వాసనే అన్నారండీ ఆమె."

"మామిడి తోటలో వాసన రాక ఏం వస్తుంది?"

ఇంజనీరు కళ్లు మూసుకున్నాడు. మన వంటింటి సిలిండరులో వచ్చే ఆ వాసన కలిపితే వచ్చేది. ఊళ్ల మధ్య నుంచి పోయే పెద్ద లైన్లలో అది సాధారణంగా కలపరు. ఆ పైపులో గ్యాసుకు వాసనే లేదు. లేని వాసన గురించి ఒకరు అడిగారు, ఉన్న వాసన గురించి ఒకరు చెప్పారు.

"మా షెడ్డు పక్కన అని కూడా అన్నారమ్మా మీరు."

"బోదె షెడ్డు పక్క నుంచే పోతుంది మరి."

"బోదె అనలేదు."

"అన్నా."

"అన్నారేమోనమ్మా," అన్నాడు చివరకు.

ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "ఏ ఊరు బాబూ నీది?"

"రెడ్డిగూడెం అండీ."

"తోటలున్నాయా?"

"నాన్నగారు కాపులు కొనేవారండీ. సీజన్ వస్తే మేమంతా షెడ్డులోనే."

"అదీ సంగతి," అంది ఆవిడ మా వైపు తిరిగి. "ఏ అరవాయనో హిందీ ఆయనో ఫోన్ ఎత్తుంటే నా కాయ బతికేదండీ. గ్యాస్ అంటే గ్యాసే అనుకునేవాడు."

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. అంతకు ముందు తనిఖీలో కంపెనీని గట్టిగా తప్పుపట్టింది మా ఇంజనీరే. కంట్రోల్ రూములో ఫోన్ తీసేవాళ్లకు తెలుగు రాదు, ఇక్కడి ఊళ్లు, పంటలు, మాట తీరు తెలిసిన స్థానికుల్ని పెట్టాలి అని. కంపెనీ మారుమాట లేకుండా పాటించింది. వెతికి వెతికి మామిడి తోటల్లో పుట్టి పెరిగిన మనిషిని తెచ్చి కూర్చోబెట్టింది. ఆయన సిఫారసు అక్షరాలా అమలైన సందర్భాలు తక్కువ. అది ఇలా అమలైంది.

మధ్యాహ్నం దాటాక ఆహార భద్రత అధికారి వచ్చాడు. చిన్న వయసు, సీజనంతా తోటలు తిరిగి కమిలిపోయిన ముఖం. చెడ్డ మనిషి కాదు.

"నాకు వచ్చిన కంప్లైంట్ మీద నేను వచ్చానండీ. సీలు వేయడం నా చేతిలో ఉంది. తీయాలంటే ల్యాబ్ రిపోర్టు రావాలి," అన్నాడు.

"రిపోర్టు వచ్చేసరికి లోపల రసమే ఉంటుందండీ, కాయ ఉండదు," అంది ఆవిడ. జాకెట్లోంచి కాగితం తీసి ఆయన ముందు మడతలు విప్పింది. "నేను చెప్పింది ఈ గ్యాస్ గురించి. ఇదిగో సంతకం."

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. మా ఇంజనీరును అడిగాడు, నన్ను అడిగాడు, దూరం నుంచే బోదెలో బుడగలు చూశాడు. పైవాళ్లకు ఫోన్ చేసి దూరంగా నడుచుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. సాక్షుల ముందు తెరిచి, మళ్లీ వెతికి, ఏమీ లేకపోతే సరుకు వదిలేయొచ్చని అనుమతి వచ్చింది. షెడ్డు లీకైన చోటికి మరీ దగ్గరగా లేకపోయినా, లైనులో మిగిలిన గ్యాస్‌ను కంపెనీ వాళ్లు బయటికి వదిలేసి, డిటెక్టరుతో చుట్టూ చూసుకున్నాకే మా ఇంజనీరు ఎవరినైనా అటు పోనిచ్చాడు. ఆ కాస్త ఆలస్యానికి ఆవిడ మా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

సీలు పగిలి తలుపు తెరుచుకోగానే వచ్చిన వాసన గురించి నేను ఏం రాసినా తక్కువే. పండు వాసన, దాని వెనక కొంచెం పులుపు. ఆవిడ ఆ పులుపునే పట్టుకుంది. లోపలికి దూసుకుపోయి తలుపుకు దూరంగా ఉన్న వరుస దగ్గర కూర్చుంది. కూలీలు ఆవిడ వెనకే. కాయ మీద కాయ తిరగేయడం మొదలుపెట్టారు. అడుగు వరుసల్లో కొంత పోయింది. పై వరుసలు చాలావరకు నిలిచాయి. సరిగ్గా పండి, ఆ రోజే లారీ ఎక్కాల్సిన కాయ.

అధికారి చొక్కా చేతులు పైకి మడిచి, గడ్డిలో మోచేతుల దాకా పెట్టి మూలమూలా వెతికాడు. ఒక్క పొట్లం లేదు.

"సీలు వేసిన రోజు కూడా ఇలాగే వెతికానండీ. దొరకలేదు," అన్నాడు నాతో మెల్లగా. "దొరకలేదంటే బాగా దాచారనుకున్నా."

తనిఖీలు చేసే వృత్తిలో ఉన్న కుర్రాళ్లు ఆ మాట కొంచెం మనసులో పెట్టుకుంటే మంచిది. నేను పెట్టుకున్నాను.

కంపెనీ వాళ్లు చేతిపారలతో మెల్లగా తవ్వి చూశారు. ఎప్పుడో గట్టు మీద ముసలి మామిళ్లు పీకించి ఆయిల్ పామ్ వేసేటప్పుడు, పొక్లెయిన్ పన్ను పైపు పై పూతను గీరిపోయింది. అక్కడ తడి చేరి, తుప్పు తిని, సూది బెజ్జమంత రంధ్రం పడింది. దానికి తొడుగు వేసి బిగించారు. మా భాషలో అది చిన్న లీకు. చిన్న లీకులకు ఉన్న ఇబ్బంది ఏంటంటే, ఎవరైనా చూసి చెప్తేనే అవి చిన్నవిగా ఉంటాయి.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఆ రోజే సంతోషంగా ఇంటికి వచ్చేవాణ్ని. కానీ ఫైరింజన్ వచ్చింది, దాని వెనక స్థానిక విలేకరి వచ్చాడు. అతనికి అన్నీ వివరంగా చెప్పాను. చక్కగా రాసుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోన్.

"మీరు నాకు సాయం చేశారా, పాడు చేశారా అండీ?"

పేపరు తెప్పించి చూశాను. సింగిల్ కాలమ్. 'ముసునూరు తోటలో గ్యాస్ నిజమే: అధికారులు.' కింద వార్తలో ఒక్క తప్పు లేదు. పైపు, లీకు, తొడుగు, అన్నీ ఉన్నాయి. హెడ్డింగు చదివినవాళ్లు కిందకు దిగి చదవరన్నది పాతికేళ్లు డెస్కుల చుట్టూ తిరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. మార్కెట్లో ఆవిడ భర్త లారీ పక్కకు ఎవరూ రావడం లేదట.

డెస్కుకు ఫోన్ చేశాను. తీసినవాడు నేనున్నప్పుడు ట్రైనీగా చేరినవాడే. "స్పేస్ లేదండీ, పైపు అని పెడితే రెండో లైనుకి పోతుంది," అన్నాడు. పోనీయమన్నాను. మర్నాడు సవరణ వేశారు, వేసవి తరగతుల ప్రకటన పక్కన, భూతద్దంతో చూస్తే కనిపించేంత.

ఆ సవరణ ఆవిడ చూసిందో లేదో తెలియదు. దానికోసం కూర్చోలేదు. మళ్లీ నివేదిక పని మీద ఆ తోటకు వెళ్లేసరికి, షెడ్డు ముందు ఒక వ్యాపారి నిలబడి ఉన్నాడు. కాయ కొనాలని ఉంది, కొనడానికి బెరుగ్గా ఉంది. ఆవిడ ఒక పండు నిలువునా కోసి, టెంక దాకా పండిందని చూపించింది. గ్యాస్ కాయ పైకి పసుపుగా ఉండి టెంక దగ్గర పచ్చిగా ఉంటుంది.

"చూశారుగా. ఫుడ్డోళ్లు చూశారు, గ్యాసోళ్లు చూశారు, ఫైరోళ్లు చూశారు, పేపరోళ్లు చూశారు. ఇంతమంది చూసి ఏం లేదన్న కాయ జిల్లాలో ఇదొక్కటే. ఇంకెవరి షెడ్డన్నా ఇట్లా తెరిచి చూపించమనండి చూద్దాం," అంది.

వ్యాపారి నవ్వాడు. "పేపర్లో ఉందన్నారు కదమ్మా?"

"తోటకి వచ్చిందండీ గ్యాస్. కాయకి రాలేదు. ఆయన్నడగండి, పైపు మనిషే," అని నన్ను చూపించింది.

ఒక మామిడి బేరంలో నేను సాక్ష్యం చెప్పింది అదొక్కసారే. కాయ లారీ ఎక్కింది.

మా నివేదికలో ప్రమాదాల పట్టిక ఒకటి ఉంటుంది. తుప్పు, తవ్వకాలు, వరద, భూకంపం, ఎవరైనా కావాలని చేసే నష్టం, ఒక్కోదానికి ఎంత అవకాశం, ఎంత నష్టం, ఏం జాగ్రత్త అని. అందులో ఒక మాటకు ఊళ్లో ఉన్న అర్థాన్ని ఎక్కడ రాయాలో మాకు తెలియలేదు. ఇంజనీరు, నేను చాలాసేపు తర్జనభర్జన పడి 'ఇతరములు' కింద రాశాం. నియంత్రణ సంస్థ వాళ్లు దాన్ని కొట్టిపారేస్తారనుకున్నాను. పట్టించుకున్నారు. ఇప్పుడు ఆ లైను మీద నోటీసులు పట్టాదారుతోపాటు కాపు కొన్నవాళ్లకూ ఇస్తున్నారు, సీజనుకు ముందే, చేతికి. కొత్తగా వేసిన బోర్డుల మీద 'ఈ నేల కింద పైపు ఉంది' అని రాస్తున్నారు. వాటికి ఎవరూ సంచులు తొడగడం లేదు.

కంట్రోల్ రూములో ఫోన్ తీసిన రెడ్డిగూడెం అతణ్ని తీసేస్తారేమోనని కౌలుదారు ఆవిడే భయపడింది. "తీసేయకండి. మా వైపు మనిషి. ఒకసారి తప్పు చేశాడు కాబట్టి ఇక చెయ్యడు," అని కంపెనీ వాళ్లకు చెప్పింది. ఉంచారు. ఈ మధ్య ఉబుసుపోక ఆ నంబరుకు ఫోన్ చేసి, తోటలో గ్యాస్ అండీ అన్నాను. "కాయలోనా అండీ, పైపులోనా?" అని అడిగాడు తడుముకోకుండా. నా గొంతు గుర్తుపట్టలేదు. నేనెవరో చెప్పాక మాత్రం, లైను ఖాళీగా ఉంచాలి పెట్టేయండి సార్ అన్నాడు. సరిగ్గానే చెప్పాడు.

ఆవిడ ఇప్పటికీ కాపులు కొంటోంది. ఆ తోటే, ఇంకొకటి కూడా కలిపి. కాయలు రుచి చూడమని పిలిస్తే కిందటి వేసవిలో వెళ్లాను. కడుపు నిండా తిన్నాక మాటల్లో కేసు సంగతి ఏమైందని అడిగాను.

ల్యాబ్ రిపోర్టు అప్పట్లోనే వచ్చింది, కార్బైడు ఆనవాళ్లు లేవని. అయినా ఫైలు మూయలేదట. మూయాలంటే ఫిర్యాదు చేసినవాళ్లు వచ్చి, తమకు ఇక అభ్యంతరం లేదని ఆరోపణ ఉన్నవాళ్ల ఎదుట చెప్పాలి. కంట్రోల్ రూము నుంచి పంపిన వివరాల ప్రకారం ఫిర్యాదు చేసింది ఆవిడే. ఆరోపణ ఉన్నదీ ఆవిడ మీదే. ఇద్దరూ ఒక్కరే అయితే ఎలాగని పాత అధికారి పైకి రాశాడు. ఆయన బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చినాయన కూడా రాశాడు. జవాబు రాలేదు.

షెడ్డు లైసెన్సు తీసుకునేటప్పుడు, మీ మీద కేసు ఏదైనా పెండింగులో ఉందా అన్న చోట ఆవిడ ఏటా 'ఉంది' అని రాస్తోంది.